గుడ్డు మీద రంగు నిలబడాలంటే: మా ఘంటసాల స్తూపం, పెడన మైనం, పక్కింటి మామ్మగారు

లాస్ట్ ఎపిసోడ్ కింద ఒకతను కామెంట్ పెట్టాడు, "బ్రో, టాపిక్కులు అయిపోయాయా, కోడిగుడ్డుకి ఈకలు పీకుతున్నావ్" అని. సరే, ఈసారి నిజంగానే కోడిగుడ్డు తెచ్చాను. ఈకలు పీకను గానీ రంగులేస్తాను. ఇదిగో, నా చేతిలో ఉన్నది చూడండి. పసుపు గీతలు, ఎర్ర తామర రేకులు, వెనకంతా నలుపు. దీనికి నాకు ఆరు గంటలు పట్టింది. దీనికంటే ముందు పదకొండు గుడ్లు పగిలాయి. ఒకసారి మూడు రోజులు మంచం మీద పడ్డాను. ఇంకోసారి పక్కింటివాళ్లతో గొడవైంది. అవన్నీ చెబుతాను.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం రెండు మాటలు. మాది కృష్ణా జిల్లా ఘంటసాల. ఊరి పేరు చెప్పగానే "ఓ, పాటల ఘంటసాల గారి ఊరా" అంటారు. ఆయన పుట్టింది గుడివాడ దగ్గర చౌటపల్లిలో. ఘంటసాల అనేది ఆయన ఇంటిపేరు. నేను బీటెక్ చేసి హైదరాబాద్‌లో ఓ కంపెనీలో నాలుగేళ్లు కోడ్ రాశాను. ఒక శుక్రవారం మధ్యాహ్నం పదిహేను నిమిషాల మీటింగ్ పెట్టి మా టీమ్ మొత్తాన్ని ఇంటికి పంపించేశారు. అప్పట్నించి ఊళ్లోనే ఉంటూ ఈ వీడియోలు చేస్తున్నాను. అమ్మ ఇప్పటికీ చుట్టాలకి "వర్క్ ఫ్రమ్ హోమ్" అనే చెబుతుంది.

గుడ్డు మీద బొమ్మలు వేయడం అనగానే మనకి ఈస్టర్ గుర్తొస్తుంది, లేదంటే రష్యా రాజులకి ఫాబెర్జే చేసిన బంగారపు గుడ్లు. మొదటిది 1885లో చేశాడు, రాజు మూడో అలెగ్జాండర్ తన భార్యకి ఇవ్వడానికి. నిజానికి అవి గుడ్లు కావు, గుడ్డు ఆకారంలో ఉన్న నగలు. వాటిని పక్కన పెడదాం. అసలు గుడ్డు పెంకు మీద గీత గీయడం మనిషికి ఎప్పట్నించి అలవాటో తెలుసా? దక్షిణాఫ్రికాలో డీప్‌క్లూఫ్ అనే రాతి గుహలో నిప్పుకోడి గుడ్ల పెంకులు దొరికాయి, గీతలు చెక్కినవి. సుమారు 60 వేల ఏళ్ల నాటివి. 2010లో ఆ పరిశోధన బయటికొచ్చినప్పటికి 270 ముక్కలు లెక్కతేలాయి. ఆ గుడ్లని నీళ్లు మోసే కూజాల్లా వాడేవాళ్లట. ఇది ఎవరి కూజా అని తెలియడానికేమో మరి, అడ్డగీతలు, నిలువు గీతలు గీసుకున్నారు. మన హాస్టల్లో బకెట్ మీద పేరు రాసుకున్నట్టు.

నిప్పుకోడి ఆఫ్రికాదే కదా, మనకెందుకు అనుకోకండి. మహారాష్ట్రలో పాట్నే అనే చోట కూడా గీతలు చెక్కిన నిప్పుకోడి పెంకు దొరికింది. దానికి 25 వేల ఏళ్ల వయసు చెబుతారు. మన ప్రకాశం జిల్లాలో అయితే 41 వేల ఏళ్ల నాటి నిప్పుకోడి గూడే బయటపడిందని 2024లో వార్తలొచ్చాయి. అంటే ఆంధ్రాలో నిప్పుకోళ్లు తిరిగాయన్నమాట.

ఇప్పుడు గొడవ దగ్గరికి వస్తాను.

మొదట్లో నాకు ఏమీ తెలీదు. వంటింట్లో ఉన్నవాటితో మొదలుపెట్టా. ఉల్లిపాయ పొట్టు ఒక గిన్నెలో వేసి మరిగిస్తే మంచి ఇటుక రంగు వస్తుంది. పసుపు నీళ్లలో ఉడికిస్తే పసుపు. బీట్‌రూట్ వేస్తే గులాబీ వచ్చి, మర్నాటికి మురికి రంగులోకి పోతుంది, దాన్ని నమ్మొద్దు. నీళ్లలో కాస్త వెనిగర్ కలపాలి. ఆ రోజు వెనిగర్ అయిపోయింది, నిమ్మకాయ పిండాను. అయ్యాక పసుపు గుడ్లు నాలుగు, వాటి మీద బ్రష్షుతో కుంకుమ నీళ్లతో ఎర్ర చారలు కొట్టి, ట్రేలో పెట్టి పిట్టగోడ మీద ఆరబెట్టా. పక్కనే పిండేసిన నిమ్మచెక్క కూడా ఉంది.

మీలో కొంతమందికి ఈపాటికే అర్థమై ఉంటుంది. మనూళ్లలో పసుపు పూసి కుంకుమ పెట్టిన కోడిగుడ్డు, దాని పక్కన నిమ్మకాయ ఎక్కడ కనిపిస్తాయి? మూడుదారుల కూడలిలో, అమావాస్య మర్నాడు పొద్దున్నే. బండి మీద వెళ్తూ చూసి పక్కకి తిప్పుకుంటాం. బీటెక్ చేసినవాడు కూడా తిప్పుకుంటాడు, నేనూ తిప్పుకుంటాను, అబద్ధమెందుకు.

ఆ గోడ అవతల మామ్మగారిల్లు. వాళ్ల మనవడికి ముందురోజు రాత్రి నుంచి జ్వరం. ఆవిడ పొద్దున్నే గేదె దగ్గరికి వెళ్తూ గోడ మీద ఆ ట్రే చూశారు. ఇక చూడండి. "ఏరా అబ్బాయ్, మా ఇంటి వైపు పెట్టావేంట్రా, మీకేం అన్యాయం చేశాం" అని వీధిలోకి వచ్చేశారు. నేను ఫోన్ తీసి వీడియో చూపిద్దామనుకున్నా. ఇంకా తప్పయిపోయింది, "మళ్లీ ఫోన్లో కూడా తీస్తున్నాడు" అన్నారు. అమ్మ బయటికొచ్చి ట్రే తీసుకెళ్లి గుడ్లన్నీ పెంటకుప్పలో పడేసింది. మూడు రోజులు వాళ్లింటి నుంచి మాకు పాలు రాలేదు. నాన్న నన్ను ఒక్క మాటా అనలేదు, అదే నాకు భయమేసింది. పిల్లాడికి వైరల్ జ్వరం, నాలుగో రోజుకి తగ్గింది. తగ్గకపోయి ఉంటే ఈ ఎపిసోడ్ ఉండేది కాదు, నేను ఈ ఊళ్లో కూడా ఉండేవాణ్ణి కాదేమో.

నేనిది నవ్వడానికి చెప్పడం లేదు. గుడ్డంటే లోపల ప్రాణం పట్టుకున్న వస్తువు, పగలకుండా మూసి ఉన్న వస్తువు. అందుకే ప్రపంచంలో ఎక్కడైనా జనం దాన్ని ఊరికే వదల్లేదు. ఒకచోట పండక్కి ఇచ్చిపుచ్చుకుంటారు, ఒకచోట దిష్టి తీస్తారు. ఆవిడ భయం ఆకాశం నుంచి ఊడిపడలేదు. నా ట్రే ఆవిడకి ఏం చెబుతుందో నేను ముందే ఆలోచించాల్సింది.

నాలుగో రోజు వెళ్లి క్షమాపణ చెప్పా. ఉల్లిపొట్టు గిన్నె కూడా పట్టుకెళ్లా, ఎలా చేశానో చూపించడానికి. ఆవిడ గిన్నెలోకి చూసి, నా ముఖం చూసి, "ఎరుపు కావాలంటే కుంకుమ ఎందుకురా, పసుపులో సున్నం కలిపితే రాదా? ఆ మాత్రం తెలీదా ఇంజనీరువి" అన్నారు. పారాణి. చిన్నప్పటినుంచి పెళ్లిళ్లలో చూస్తూనే ఉన్నా, నా బుర్రకి తట్టలేదు.

ఇంటికొచ్చి వెంటనే ట్రై చేశా. పసుపు ఎక్కిన గుడ్డు మీద తాంబూలం సున్నం పల్చగా కలిపి బ్రష్షుతో గీస్తే, గీత గీతకీ ఎర్రగా మారిపోతుంది. ఎందుకంటే పసుపులో ఉండే కర్కుమిన్ క్షారం తగిలితే ఎరుపవుతుంది, ఆమ్లం తగిలితే మళ్లీ పసుపుకి వచ్చేస్తుంది. ఆ ఎరుపు మీద నిమ్మరసం చుక్క వేస్తే పసుపు చుక్క పడుతుంది. చిన్నపిల్లలకి చూపించండి, ఇంట్లోనే ల్యాబ్. ఒక్కటే బాధ, ఈ ఎరుపు నిలవదు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని మెల్లగా సున్నపురాయిగా మారిపోతుంది, క్షారం తగ్గుతుంది, రంగు వెలిసిపోతుంది. పెళ్లికూతురి కాళ్ల పారాణి వెలిసినట్టే.

ఇప్పుడు అసలు ప్రశ్న. గుడ్డుకి రంగు ఎలా అంటుకుంటుంది? పెంకు సుమారు 95 శాతం కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయే. మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. దాన్నిండా కంటికి కనపడని రంధ్రాలు వేలల్లో ఉంటాయి, లోపల పిల్ల ఊపిరి పీల్చుకోవాలి కదా. పైన ప్రొటీన్‌తో చేసిన పల్చటి పొర ఒకటి ఉంటుంది. వెనిగర్ రెండు పనులు చేస్తుంది. ఒకటి, పెంకుని కొంచెం కొరుకుతుంది. గుడ్డు వేయగానే బుడగలొస్తాయి చూడండి, అది కార్బన్ డయాక్సైడ్. రెండోది అసలైన పని. ఆమ్లంలో ఆ ప్రొటీన్‌కి ప్లస్ ఛార్జ్ వస్తుంది. మనం వాడే ఆమ్ల రంగులకి మైనస్ ఛార్జ్. రెండూ పట్టుకుంటాయి. పట్టుబట్టకి, ఉన్నికి రంగేసే సూత్రం కూడా ఇదే, అవీ ప్రొటీన్లే కాబట్టి. వెనిగర్ ఎక్కువైతే పెంకు గరుకుగా అయిపోయి రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. కప్పు వేడినీళ్లకి ఒక స్పూను చాలు. ఇంకోటి, గుడ్డుని వేళ్లతో ఎక్కువ తడమకండి. వేలి జిడ్డున్న చోట రంగు పట్టదు, మీ వేలిముద్ర తెల్లగా మిగులుతుంది. నా మూడో గుడ్డు మీద నా బొటనవేలు ఆధార్ సెంటర్లో కంటే స్పష్టంగా పడింది.

ఆ జిడ్డు చూసినప్పుడే నాకు పెడన గుర్తొచ్చింది.

పెడన మాకు దూరమేం కాదు, బందరు పక్కనే. అచ్చు కలంకారీకి పెట్టింది పేరు. టేకు దిమ్మల మీద పువ్వులు, లతలు చెక్కి బట్ట మీద అద్దుతారు. అక్కడ అద్దకం చేసే ఒక పెద్దాయన దగ్గర రెండు రోజులు కూర్చున్నా. ఆయన చెప్పింది ఇది: నూలుబట్టకి రంగు ఊరికే అంటదు, ముందు కరక్కాయ నీళ్లలో, గేదెపాలలో ముంచాలి. తుప్పు పట్టిన ఇనుము ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెడతారు. ఆ నీళ్లు కరక్కాయ పట్టిన బట్టకి తగిలితే నలుపొస్తుంది. పటిక నీళ్లు అద్ది, తర్వాత వేర్ల రంగులో మరగబెడితే పటిక తగిలిన చోటే ఎరుపొస్తుంది. ఆ ఎరుపు కోసం పాతకాలంలో మన తీరంలో పెరిగే చిరివేరు వాడేవాళ్లు. అంటే అద్దేటప్పుడు అక్కడ రంగు కనపడదు, రంగు పట్టుకునే మందు మాత్రమే ఉంటుంది. కోడ్‌లో వేరియబుల్ ముందు డిక్లేర్ చేసి, విలువ తర్వాత ఇచ్చినట్టు. సారీ, పాత ఉద్యోగం బుద్ధి.

మరి నీలం? నీలిమందు అలా కాదు. బట్ట మొత్తం తొట్టెలో ముంచాల్సిందే. మరి పువ్వు ఒక్కటే నీలంగా, చుట్టూ తెల్లగా ఉండాలంటే ఏం చేస్తారు? నీలం వద్దనుకున్న చోటల్లా మైనం పూసేవాళ్లు. మైనం ఉన్నచోట నీళ్లు చొరవు. తర్వాత మరుగు నీళ్లలో మైనం కరిగించి తీసేస్తారు. మన తూర్పు తీరం అద్దకాల గురించి 1742లో కోర్డూ అనే ఫ్రెంచి మతగురువు ఈ పద్ధతంతా వివరంగా ఉత్తరం రాసి పంపాడు. ఈయన తెలుగు నేర్చుకుని తెలుగు నిఘంటువు కూడా తయారుచేసిన మనిషి. అప్పట్లో యూరప్ వాళ్లకి మన రంగుబట్ట ఉతికినా ఎందుకు వెలవదో అర్థమయ్యేది కాదు. ఆ రహస్యం పట్టుకోవడానికి రాసిన ఉత్తరం అది. ఇప్పటి భాషలో చెప్పాలంటే కాపీ కొట్టడానికి డాక్యుమెంటేషన్.

ఇప్పుడు ఉక్రెయిన్ వెళ్దాం. అక్కడి గుడ్డుని పిసాంకా అంటారు. ఆ మాట వాళ్ల భాషలో "రాయడం" నుంచి వచ్చింది. గుడ్డు మీద బొమ్మ వేయరు, రాస్తారు. దేంతో? మైనంతో! కర్రకి చిన్న రాగి గరాటు కట్టి ఉంటుంది, దాన్ని కిస్త్కా అంటారు. కొవ్వొత్తి మంట మీద వేడి చేసి, తేనెమైనం నింపి, తెల్ల గుడ్డు మీద గీత గీస్తారు. ఆ గీత చివరిదాకా తెలుపే. తర్వాత పసుపు రంగులో ముంచుతారు. పసుపుగా ఉండాల్సిన చోట్ల మళ్లీ మైనం. తర్వాత నారింజ, మళ్లీ మైనం. ఎరుపు, మళ్లీ మైనం. ఆఖరున నలుపు. అప్పుడు గుడ్డు చూస్తే బొగ్గుముద్దలా ఉంటుంది, ఏమీ కనపడదు. కొవ్వొత్తి మంటకి పక్కగా పట్టుకుని, కరిగిన మైనాన్ని మెత్తటి గుడ్డతో తుడుస్తూ వెళ్తే, కింద నుంచి రంగులన్నీ ఒక్కొక్కటే బయటికొస్తాయి. మంట పైన మాత్రం పట్టుకోకండి, మసి పడుతుంది. వాళ్ల ఈ కళని 2024 డిసెంబర్‌లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. యుద్ధం జరుగుతున్న దేశంలో పగిలిపోయే వస్తువు మీద గీతలు గీస్తూ కూర్చున్నారు.

బందరు నీలిబట్టకీ, ఉక్రెయిన్ గుడ్డుకీ సూత్రం ఒక్కటే. రంగు వేయడం కాదు, రంగు పడకుండా కాపాడటం. లేతరంగు నుంచి ముదురు రంగుకి వెళ్లాలి, వెనక్కి రాలేం. కంట్రోల్ జెడ్ లేదు. నాకు బాగా కష్టమనిపించింది ఇదే.

నా కిస్త్కా నేనే చేసుకున్నా. పల్చటి రాగిరేకు ముక్కని సూదికి చుట్టి గరాటులా చేసి, రాగితీగతో పుల్లకి కట్టా. మైనం బందరు బజారులో దొరికింది. రంగులు పట్టుబట్టలకి వాడే ఆమ్ల రంగులు, అవీ అద్దకం సామాన్ల కొట్లో దొరుకుతాయి. అవి తినే రంగులు కావు, జాగ్రత్త. ఆ గుడ్డు తినకూడదు, ఆ గిన్నెలు మళ్లీ వంటకి వాడకూడదు. తినే గుడ్డుకైతే ఉల్లిపొట్టు, పసుపు, లేదా తినే రంగులు. ఉడికిన గుడ్డు మన ఎండలో గంటకి మించి బయట ఉంచొద్దు.

మంచం మీద పడ్డానన్నా కదా, అది చెబుతా. గుడ్డు ఎప్పటికీ ఉండాలంటే లోపలిది తీసేయాలి. రెండు వైపులా సూదితో చిల్లు పొడిచి, ఒకవైపు నుంచి నోటితో ఊదితే రెండోవైపు నుంచి సొన కారుతుంది. నెట్‌లో అందరూ అలాగే చూపిస్తారు. నేనూ ఊదా. పచ్చిగుడ్డు పెంకు మీద సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు, పెంకు మీద నోరు పెట్టడమంటే దాన్ని కావలించుకోవడమే. మర్నాడు సాయంత్రానికి మొదలైంది, మూడు రోజులు వాంతులు, విరేచనాలు. సెలైన్ ఎక్కించుకుని వచ్చా. కాబట్టి నోరు పెట్టొద్దు. మెడికల్ షాపులో కొత్త సిరంజి కొనండి. కింద ఒకటే చిల్లు పొడిచి, సిరంజితో లోపలికి గాలి కొట్టండి, సొన అదే చిల్లులోంచి కిందికి కారుతుంది. తర్వాత నీళ్లు ఎక్కించి బాగా కుదిపి రెండు మూడుసార్లు కడగండి. ఆఖరున చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆ సొనతో అమ్మ ఆమ్లెట్ వేసింది, వృథా కాలేదు, బాగా ఉడికించి తినండి అంతే.

ఇంక నేను చెప్పాలనుకున్న అసలు సంగతి.

మా ఊళ్లో ఒక స్తూపం ఉంది. చిన్నప్పుడు మాకది ఇటుకల దిబ్బ. పురావస్తు శాఖ బోర్డు, ఊళ్లో వాళ్ల మ్యూజియం, అందులో చెక్కిన రాళ్లు. స్కూల్ వాళ్లు తీసుకెళ్తే సమోసా ఎప్పుడిస్తారా అని చూసేవాళ్లం. రెండేళ్ల కిందట, నేను ఊరికొచ్చిన కొత్తల్లో, శ్రీలంక నుంచి ఒక బృందం వచ్చింది. వాళ్లలో ఒక పెద్దమనిషి నన్ను ఇంగ్లీషులో అడిగారు, "దీని అండం ఎంత ఎత్తు ఉండేది?" అని. నాకు అర్థం కాలేదు. హిందీ అండా అనుకుని, అక్కడ కొట్లో దొరుకుతాయి సార్ అన్నాను. ఆయన నవ్వలేదు, ఓపిగ్గా చెప్పారు. స్తూపంలో బోర్లించిన గిన్నెలా ఉండే గోపురం భాగాన్ని అండం అంటారు. అండం అంటే గుడ్డు. కింద గుండ్రటి వేదిక, దాని మీద అండం, పైన హర్మిక, దాని మీద ఛత్రం.

అంటే మా ఊళ్లో ఉన్నది రెండు వేల ఏళ్ల నాటి గుడ్డు. పాతికేళ్లు దాని పక్కనే పెరిగి నేను కొట్టువైపు చూపించా.

ఆ తర్వాత చదివా. మా ఊరు అప్పట్లో ఓడరేవుకి సంబంధించిన ఊరు. పాత శాసనాల్లో కంటకసేల అని ఉంది, రెండో శతాబ్దంలో టాలెమీ రాసిన కొంటకొస్సిలా ఇదేనని చరిత్రకారులు చెబుతారు. అలెగ్జాండర్ రే అనే ఆయన భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల స్తూపాల మీద రాసిన పుస్తకం 1894లో వచ్చింది. మా స్తూపం లోపల ఇటుక గోడలు బండిచక్రం ఆకుల్లా కట్టి ఉన్నాయి. మొత్తం ఇటుకతో నింపకుండా, ఆకుల్లా గోడలు లేపి, మధ్యలో మట్టి నింపితే ఇటుక తక్కువ పడుతుంది, గోపురం బరువూ నిలబడుతుంది. సివిల్ వాళ్లు కింద కామెంట్లో ఇంకా బాగా చెప్పగలరు.

ఇంక పైన? ఇటుకతో కట్టిన అండాన్ని మన ఆంధ్ర స్తూపాల్లో ఊరికే వదల్లేదు. అమరావతి చూడండి. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి నుంచి వెళ్లిన ఒక పలక ఉంది, దాని మీద స్తూపం బొమ్మే చెక్కారు. చూస్తే అండం మీద పూలదండలు, పద్మాలు, కథల బొమ్మలు, ఖాళీ లేదు. అండం కింది భాగానికి చెక్కిన రాతిపలకలు తొడిగారు. ఆ రాయి సున్నపురాయి. మా మ్యూజియంలో ఉన్న శిల్పాలదీ సున్నపురాయే. సున్నపురాయి అంటే? కాల్షియం కార్బొనేట్. కోడిగుడ్డు పెంకు దేంతో చేసిందో స్తూపం పెంకూ దాంతోనే చేశారు. ఇది కావాలని చేశారని నేననడం లేదు, మెత్తగా చెక్కుడుకి లొంగే రాయి కాబట్టి వాడారు. కానీ పెంకు మాత్రం పెంకే.

సున్నపురాయితో ఒక ప్రమాదం ఉంది. 900 డిగ్రీల దాకా కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి సున్నం మిగులుతుంది. తాంబూలంలోకి, గోడకి వేసే వెల్లలోకి, మామ్మగారి పారాణిలోకి వచ్చే సున్నమే. అమరావతిలో జరిగింది అదే. 1798లో కాలిన్ మెకంజీ మొదటిసారి చూసి వెళ్లి, 1816లో మళ్లీ వచ్చేసరికి స్తూపం చాలావరకు పోయింది. పలకలు కట్టడాల్లోకి వెళ్లాయి, ఎన్నో బట్టీల్లో కాలి సున్నమయ్యాయి. మెకంజీ మనుషులు కూర్చుని మిగిలినవాటి బొమ్మలు గీశారు కాబట్టి కొన్ని పలకలు ఎలా ఉండేవో ఈరోజు మనకి తెలుస్తోంది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసుకి వెళ్లాయి, వాటిలో చాలా భాగం తర్వాత లండన్ చేరాయి. ఎవరో ఎన్ని నెలలు కూర్చుని చెక్కిన పద్మమో, ఒక రాత్రి బట్టీలో పడి ఎవరింటి గోడకో తెల్లగా అంటుకుంది. ఆ కాల్చినవాళ్లని తిట్టడానికి నాకు నోరు రావడం లేదు. వాళ్లకది రాయి. నాకు పాతికేళ్లు అది దిబ్బ.

అందుకే ఈ గుడ్డు మీద నేను వేసింది మ్యూజియంలో చూసి గీసుకున్న పద్మం. అర్ధపద్మాలు కింద వరసగా, మధ్యలో నిండు పద్మం. కొలతలు కుదరలేదు, గుండ్రటి దాని మీద గీత తిన్నగా గీయడం చచ్చేంత కష్టం. ఒక చిట్కా చెబుతా: గుడ్డు నడుముకి రబ్బరుబ్యాండ్ వేసి, దాని అంచున పెన్సిల్‌తో లైట్‌గా గీసుకోండి. నిలువుగా కూడా అంతే. ఎనిమిది భాగాలు చేసుకుంటే పువ్వు దానంతటదే వస్తుంది. రబ్బరుతో మాత్రం చెరపకండి, అక్కడ పెంకు నున్నగా అయిపోయి రంగు వేరేగా పడుతుంది.

పెడన నలుపు కూడా ట్రై చేశా, కరక్కాయ నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, ఇనుపనీళ్లతో గీత గీశా. బట్ట మీద వచ్చినంత నలుపు రాలేదు, బూడిద రంగు దగ్గర ఆగింది. ఆ పెద్దాయనకి ఫొటో పంపితే ఆయన వాయిస్ మెసేజ్ పెట్టారు: "బాబూ, ఇది బాగానే ఉందిగానీ, మా దిమ్మ చెక్కేవాడికి పని లేదు, స్క్రీన్ ప్రింట్ వేసి కలంకారీ అని అమ్ముతున్నారు. ఆ ముచ్చట కూడా చెప్పు నీ వీడియోలో." చెప్పాను సార్. కొనేవాళ్లూ వినండి: దిమ్మతో అద్దినదైతే అచ్చు అచ్చుకీ మధ్య అతుకులో చిన్న తేడా కనిపిస్తుంది, రంగు వెనకవైపుకి కూడా దిగుతుంది. ఎక్కడా తేడా లేకుండా మీటర్ల కొద్దీ ఒకేలా ఉంటే అనుమానించండి.

ఇన్‌స్టాలో చాలామంది అడుగుతున్నారు, "అన్నా, దీంతో డబ్బులొస్తాయా, నేను కూడా జాబ్ మానేద్దామనుకుంటున్నా" అని. ఒకమ్మాయి అయితే నోటీస్ పీరియడ్‌లో ఉన్నానంది. నిజం చెబుతా. ఒక గుడ్డుకి ఆరు గంటలు. నేను ఇప్పటిదాకా అమ్మింది నాలుగు, అందులో ఒకటి కొరియర్‌లో పగిలి డబ్బులు తిరిగిచ్చా. నాకు ఖర్చులకి వచ్చేది వీడియోల మీద, అదీ నెలనెలా ఒకేలా ఉండదు. ఈము కోళ్ల పెంపకం చేస్తే కోటీశ్వరులైపోతారని ఒకప్పుడు మన దగ్గర ఎంతమంది అప్పులు చేసి మునిగారో మీ నాన్నగారినడగండి. ఈము గుడ్డు ముదురాకుపచ్చగా ఉండి, చెక్కితే లోపల లేత పొరలు బయటపడతాయి, శిల్పానికి చాలా బాగుంటుంది. అయినా ఆ గుడ్డు ఎవర్నీ కాపాడలేదు. చెల్లెమ్మా, గుడ్లకి రంగులు ఆదివారం వేసుకో. ఉద్యోగం సంగతి వేరేగా, చల్లగా ఆలోచించుకో.

మర్చిపోయా, ఆంధ్రాలో రోజూ అందరికంటే ఎక్కువ రంగు గుడ్లు ఎవరు చూస్తారో తెలుసా? బడిపిల్లలు. మధ్యాహ్న భోజనం గుడ్ల మీద రంగు ముద్రలు వేసి పంపే పద్ధతి మన రాష్ట్రంలో వచ్చింది. రంగు మారుస్తూ ఉంటారు, రంగు చూస్తే ఏ రోజుల సరుకో తెలుస్తుంది. పాత గుడ్డు పంపకుండా, బయట అమ్ముకోకుండా ఆ ముద్ర. డీప్‌క్లూఫ్‌లో కూజా మీద గీత గీసినవాడు చూస్తే వెంటనే అర్థం చేసుకునేవాడు.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తా. కోతలయ్యాక మన పొలాల్లోకి బాతులవాళ్లు వస్తారు కదా, వందల బాతుల్ని తోలుకుంటూ. బాతు గుడ్డు పెంకు కోడిగుడ్డు కంటే గట్టిది, పైన నున్నగా ఉంటుంది. ఈసారి వాటి మీద చేద్దామని అడ్వాన్స్‌గా రెండు డజన్లు చెప్పి ఉంచా. ఆరబెట్టేది మాత్రం మా ఇంటి లోపల, ఫ్యాన్ కింద. ఈ తామర గుడ్డు మామ్మగారికి ఇద్దామని పట్టుకెళ్లా. ఆవిడ చేతిలోకి తీసుకోలేదు. దూరం నుంచే తిప్పించి తిప్పించి చూశారు. "నలుపు లేకుండా చెయ్యి, అప్పుడు చూద్దాం" అన్నారు. మనవడు మాత్రం వాళ్లమ్మ వెనక నుంచి నాకు వేలు చూపించాడు, ఒకటి తనకి కావాలని.

పాలు మళ్లీ వస్తున్నాయి. ఉంటానండీ, బై.